నత్త మూతకు బుడిపె ఎందుకు కనపడదు

ఒకప్పుడు నత్తలకు మూతలు ఉండేవి కావు. గుల్ల వాకిలి ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేది.

మడుగులో ఉండే నత్తమ్మ బాధ అదే. పొద్దున లేచేసరికి చీమలు ఇంట్లో సంత పెట్టేవి. ఒక రొయ్య చుట్టపుచూపుగా వచ్చి, పెళ్ళాంపిల్లల్ని కూడా దించింది. పోనీ, అదంతా ఓర్చుకోవచ్చు. కానీ ఎండాకాలం వచ్చేస్తోంది, మడుగు ఇంకిపోతోంది. మూతలేని గుల్లలో తడి నిలవదు. పోయిన ఏడాది నత్తమ్మ అమ్మమ్మ అలాగే వడియంలా ఎండిపోయింది. ఇప్పుడు నత్తమ్మకు ప్రాణభయం పట్టుకుంది.

మడుగు గట్టున కుమ్మరి ఆదెమ్మ ఇల్లు. ఆవిడ అరుగు మీద కుంకుమ భరిణెలు, ఊరగాయ జాడీలు, నీలం పువ్వులేసిన చిట్టి డబ్బాలు నిగనిగలాడుతూ ఉండేవి. మూత పెడితే టిక్కున కూర్చునేది, చీమ మీసం కూడా దూరదు. నత్తమ్మ రోజూ పాక్కుంటూ వచ్చి వాటిని చూసి మురిసిపోయేది.

"మూత లేకుండా మా ముందు తిరగకు, మాకు సిగ్గేస్తోంది," అంది ఒక కుంకుమ భరిణె.

నత్తమ్మకు తల కొట్టేసినట్టయింది. తిన్నగా ఆదెమ్మ దగ్గరికి పోయింది.

"అత్తా, నాకూ ఒక మూత చేసిపెట్టు. లేకపోతే ఈ ఎండలకి పోతాను."

"దానికేం భాగ్యమే," అని ఆదెమ్మ సారె తిప్పింది. గుండ్రటి గీతలతో ముచ్చటైన మూత దిగింది. చేతి అలవాటుకొద్దీ దాని నెత్తిన ఒక బుడిపె పెట్టింది. బుడిపె లేనిది మూతే కాదని వాళ్లింటి పద్ధతి.

మర్నాడే కాకి వచ్చింది. బుడిపె పట్టుకుని మూత ఎత్తి, "ఊరగాయ ఉందా?" అని తొంగి చూసింది. తర్వాత కప్ప ఎత్తి పసుపు అడిగింది. అంత అందమైన మూత కనపడితే ఎత్తకుండా ఎవరుంటారు? చివరికి కొంగ ఎత్తి, "ఏమీ లేకపోతే నత్తే చాలు," అంది. నత్తమ్మ బురదలోకి దొర్లి ఎలాగో బతికింది.

ఏడుస్తూ మళ్లీ ఆదెమ్మ దగ్గరికే వచ్చింది. "అత్తా, బుడిపె లోపలివైపు పెట్టు."

ఆదెమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "మా ఏడు తరాల్లో ఎవరూ అలా పెట్టలేదే. లోపల పెడితే తీసేదెవరు?"

"లోపల ఉండేది ఊరగాయ కాదత్తా. నేను."

ఆదెమ్మ నవ్వు ఆగిపోయింది. పాపం, పిల్ల చెప్పింది నిజమే అనుకుంది. బుడిపె పీకి లోపలివైపు పెట్టి, దాన్ని నత్తమ్మ పాదానికి అతికించింది.

ఆ ఏడు మడుగు నెర్రెలు విచ్చింది. నత్తమ్మ బురదలో దూరి మూత బిగించుకుని పడుకుంది. తొలకరి చినుకు పడ్డాక తనే మూత తెరుచుకుని బయటికొచ్చింది. ఒంటి తడి ఆరలేదు.

అప్పటినుంచే నత్త మూత మీద సారె గీతలు కనిపిస్తాయి, బుడిపె మాత్రం కనపడదు. కాకులు ఇప్పటికీ వచ్చి గోకి చూస్తుంటాయి. లోపలున్న నత్తకు బుద్ధి పుట్టినప్పుడే ఆ మూత తెరుచుకుంటుంది.