ఉండకట్టిన దిండు

డెబ్బయ్యో ఏట దూదేకుల ఫక్కీరప్పకు సుఖం పట్టుకుంది. అదే ఆయనకు పట్టిన జబ్బు.

యాభై ఏళ్లు ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన మనిషి. కొడుకు దూది ఏకే మిషను పెట్టి, "నాయినా, ఇంక నువ్వు కూచో" అన్నాడు. మంచి కొడుకు. ఆ మాట మీద కూర్చున్న ఫక్కీరప్ప రెండేళ్లయినా లేవలేదు. సంగటి మంచం దగ్గరికే వస్తుంది, నీళ్ల చెంబూ అక్కడికే వస్తుంది. అయినా నాలుగు చినుకులు పడితే జలుబు, గాలి తిరిగితే జ్వరం. ఒకటి తగ్గేలోపు ఇంకోటి. పైగా ఏ కారణం లేకుండానే కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ఎండలో వానలో తిరిగినన్నాళ్లు రాని రోగాలు నీడపట్టున కూర్చున్నాక ఎందుకొచ్చాయో ఆయనకు ఎంత ఆలోచించినా తెగలేదు. ఎవరిదో దిష్టి తగిలిందనుకున్నాడు. కొడుకు రెక్క పట్టుకొని మెట్లెక్కిస్తే గుట్ట మీది దర్గాకు వచ్చి, తన గురువు కాళేషా స్వామి ముందు కూలబడ్డాడు.

"చావుకు బయపడి రాలేదు సామీ. పొద్దున్నే మెలకువొస్తే, ఎందుకొచ్చిందిరా అనిపిస్తాంది. ఒక తాయెత్తు కట్టండి."

స్వామికి ఎనభై దాటాయి. శిష్యుణ్ణి ఎగాదిగా చూసి, లోపలికెళ్లి తన దిండు తెచ్చి అతని ఒళ్లో పెట్టాడు.

"దీనికేమయిందో చూడు."

ఫక్కీరప్ప నొక్కి చూశాడు. రాయిలా ఉంది. "ఏమీ కాలేదు సామీ. ఉండకట్టింది. ఏకితే సరిపోతాది."

స్వామి గోడకున్న దూదేకే విల్లు, దాని కొయ్య దించాడు. పని మానేసిన రోజున ఫక్కీరప్పే తెచ్చి దర్గాకు సమర్పించుకున్న విల్లు అది. దిండు విప్పి దూదిని చెట్టు కింద చాప మీద పోసి, స్వామి కొయ్యతో వింటినారిని కొట్టడం మొదలుపెట్టాడు. దూది విడిపోలేదు సరికదా, నారికే చుట్టుకుంది. రెండో దెబ్బకు కొయ్య జారి ఆయన మోకాలికే తగిలింది.

తాయెత్తుకని వస్తే ఇదేమిటో ఫక్కీరప్పకు అంతుపట్టలేదు. గురువుకు మతి తప్పిందేమోనని ఒక్క క్షణం అనిపించి, వెంటనే చెంపలు వేసుకున్నాడు. కానీ తన విల్లుకు పట్టిన గతి చూస్తూ కూర్చోవడం మాత్రం ఆయన వల్ల కాలేదు.

"అట్ల గాదు సామీ. ఇటియ్యండి."

మూతికి తువ్వాలు కట్టుకొని అందుకున్నాడు. పది దెబ్బలకే భుజం పట్టేసింది. ఆగాడు. మళ్లీ అందుకున్నాడు. మధ్యాహ్నానికి సగం దిండు కూడా కాలేదు.

"రేపు ఒక్కడివే ఎక్కి రా" అన్నాడు స్వామి. "దోవలో ఎన్నిసార్లు కూచుంటావో కూచో."

దిండు అయిపోతే ఇంకో దిండు. దిండ్లయ్యాక యాత్రికుల గదుల్లోని పరుపులు. ఇది మొక్కా, శిక్షా, లేక గురువు తనను ఊరికే పనికి పెట్టుకున్నాడా అని ఫక్కీరప్ప రోజూ మెట్ల మీద కూర్చుని ఆలోచించేవాడు. తేలేది కాదు. లేచి ఎక్కేవాడు.

ముసురు పట్టింది. జలుబు రానే వచ్చింది, మూడు రోజులుండి పోయింది. ఒకనాడు కోడల్ని ఇంకో ముద్ద సంగటి వేయమని అడిగితే ఆ పిల్ల వింతగా చూసింది. ఇంకోనాడు గుట్ట దిగుతూ తను పాట పాడుతున్నాడని సగం దూరం వచ్చాక తెలిసి, సిగ్గుపడి నోరు మూసుకున్నాడు. తాయెత్తు లేకుండా ఇదంతా ఎట్లా జరుగుతోందో ఆయనకు తెలియలేదు.

ఆఖరి పరుపు కుట్టిన రోజున ఆయన సంతోషంగా గురువు ముందు నిలబడ్డాడు.

"పరుపులన్నీ అయిపోయినాయి సామీ. నాకూ నయమయింది. రేపట్నుంచి ఇంటికాడ పండుకుంటా."

"అట్లనే" అన్నాడు స్వామి. తన దిండు తీసుకొని దూదిపొంగు చూసి మురిసిపోయాడు. "బాగా ఏకినావు. ఇంక దీన్ని ఎప్పటికీ ఏకే పని లేదు గదా?"

ఫక్కీరప్పకు నవ్వొచ్చింది. ఇంత పెద్ద గురువుకు ఈపాటి తెలియదు.

"అట్లెట్ల సామీ? పండుకునే కొద్దీ అది మళ్లా ఉండ..."

ఇంటికాడ పండుకుంటానన్నది తనే.

స్వామి దిండు తల కింద పెట్టుకొని చెట్టు నీడలో నడుం వాల్చాడు.

"రేపు ఎండ ముదరకముందే ఎక్కు" అన్నాడు స్వామి, కళ్లు మూసుకొనే.