రాణిగారి పన్నీటి బుడ్డి మూత

పేరు లేని వస్తువు కనబడితే ప్రాణం ఉసూరుమని వెంటనే ఒక పేరు పెట్టేసే జాలిగుండె నాది. ఆ గుండెతోనే ఇటుకలదిబ్బ తవ్వకాల్లో పనికి కుదిరాను. నేలలోంచి బయటపడిన పాత నగరపు వస్తువులకు ఫోటో తీసి, వివరం రాసి, ఇంటర్నెట్‌లో పెట్టడం మా పని. ఈ విద్య నాకు నేనే నేర్పుకున్నాను కాబట్టి పరీక్ష తప్పే ప్రమాదం లేకపోయింది.

నా పక్క బల్ల దగ్గర తాయారుగారు ఉండేవారు. ఆవిడ వస్తువును తిప్పి తిప్పి చూసి, కంటికి కనబడిందే రాసేవారు.

ఒకనాడు మా ఇద్దరికీ చెరో కాల్చిన మట్టి ముక్క వచ్చింది. రెండూ వేరువేరు గుంటల్లో దొరికినవి. నాదాన్ని మసి పోయేదాకా తోమి, 'రాణిగారి పన్నీటి బుడ్డి మూత' అని రాశాను. నున్నటి వైపే ఫోటో తీశాను. జనం మెచ్చుకున్నారు.

తాయారుగారు మాత్రం ఇలా రాశారు: 'మూడు రంధ్రాలు. ఒక అంచు విరిగింది. అడుగున మసి. ఉపయోగం తెలియదు.'

మా అధికారి పరాంకుశంగారు నుదురు కొట్టుకున్నారు.

"లోకమంతా చూసేచోట తెలియదని రాస్తావేంటమ్మా? నీ పక్క బల్ల కోదండాన్ని చూడు, క్షణంలో తేల్చేశాడు! గదిలో చోటు లేదు. ఏమిటో తెలియనివన్నీ ఆదివారం మళ్లీ గుంటలో పూడ్పించేస్తాను."

"అందాకా ఉంచండి సార్. తెలిసినవాళ్లు ఎక్కడో ఉంటారు," అన్నారావిడ.

శనివారం ఒక చిన్న మ్యూజియం నుంచి సబీనా అనే ఆవిడ ఫోన్ చేసింది.

"రంధ్రాలు, మసి అని వెతికితే మీ ముక్క దొరికిందండీ. అది కుంపట్లో బొగ్గులు నిలిపే బిళ్ల. మా దగ్గర పూర్తిది ఉంది. రెండో సగం కూడా వెతకండి. మసి మాత్రం కడగొద్దు, దాన్ని పరీక్షిస్తే కాలం తెలుస్తుంది!"

తాయారుగారు 'రంధ్రాలు' అని వెతికారు. నాది రాలేదు, రాణిగారి వస్తువుకు రంధ్రాలని నేను రాస్తేగా! అప్పుడావిడ ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నారు. సాయంత్రానికి నా ఫోటో దగ్గర ఆగారు. అంచున సగం రంధ్రం కనబడింది.

"కోదండంగారూ, మీ రాణిగారిని ఒకసారి ఇలా పంపించండి."

రెండు ముక్కలూ అతికినట్టు కలిశాయి.

"నీ సగానికి మసి ఏదయ్యా?" అన్నారు పరాంకుశంగారు.

"తోమేశాను సార్."

"ఎందుకు?"

"రాణిగారిది కదా అని..."

"రాణిగారు వంట నేర్చుకుంటున్నారేమోలెండి," అన్నారు తాయారుగారు. ఆవిడ మిగిల్చిన మసే పరీక్షకు వెళ్లింది. ఆదివారం పూడిక ఆగిపోయింది. పేరులేని ముక్కలన్నీ ఇంటర్నెట్‌లోకి ఎక్కాయి.

తెలియనిదాన్ని తెలియదని రాస్తేనే, తెలిసినవాళ్లు దాన్ని వెతుక్కుంటూ వస్తారు. ఇదీ నీతి. మీకు చెప్పగలుగుతున్నాను గానీ, ఆ ఒక్క మాట రాయడం నాకింకా చేతకాలేదు.