ముందు కిటికీలోంచి వేసిన మూట

కొమ్ములవాడ పట్నం బస్టాండంటే మాటలు కాదు. అరుగుల మీద ఏనుగులు కునుకు తీస్తుంటాయి, బస్సుల పైకి కోతులు సామాన్లెక్కిస్తుంటాయి. ఏ బస్సు ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పరు. అంటే, అడిగితే చెప్తారు. మనకే అడగడానికి నామోషీ.

గేదె బుచ్చెమ్మకు ఆ నామోషీ లేదు. కూతురు తొలిచూలు ఈనిందని కబురందగానే, మూడు రోజులు కూర్చుని బాలింతకు పెట్టే కాయం మందు చేసి, మూట కట్టుకుని పల్లె నుంచి వచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదని, దిగీ దిగగానే కొంగ కండక్టరును పట్టుకుని కూతురుండే పాలపేట బస్సేదో, ఎక్కడ కూర్చోవాలో అడిగేసింది.

"ముందు సీట్లన్నీ ఆడవాళ్ళవే, పెద్దమ్మా. నింపాదిగా ఎక్కు" అన్నాడు కొంగ.

బస్సొచ్చింది. దాంతోపాటే నక్క పానకాలూ వచ్చాడు.

"పిన్నీ, ఊరికి కొత్తా? ఇక్కడ కిటికీలోంచి ఏదో ఒకటి వెయ్యందే సీటు దొరకదు. ఆ మూట ఇటియ్యి, సీట్లో వేసి కాపలా కూర్చుంటా."

వాడి వాలకం చూసి బుచ్చెమ్మకు అనుమానమొచ్చింది. మూట పోతే ఒట్టి చేతులతో బిడ్డ మొహం ఎలా చూస్తుంది? వద్దంటే లాక్కుని పరిగెత్తేలా ఉన్నాడు. అందుకే నవ్వింది.

"నీ కడుపు చల్లగుండ, నాయనా! వెనకైతే కుదుపులకు నా నడుం పడిపోతుంది. ముందు కిటికీలోంచి వెయ్యి."

ఏ కిటికీ అయితేనేం అనుకుని పానకాలు మూట విసిరి, తనూ లోపలికి దూకాడు. మూట పట్టుకుని వెనక తలుపులోంచి ఉడాయించాలని వాడి ఎత్తు. కానీ దారేదీ? ఇటు ఎలుగుబంటి అత్త, అటు ఆడపులి, ఎదురుగా ముళ్ళపంది ముసలమ్మ. కుడితిలో పడ్డ ఎలుకయ్యాడు.

"ఆడవాళ్ళ సీట్లోకి దూకుతావట్రా, సిగ్గులేనోడా?" పులి గుర్రుమంది.

"అబ్బే, ఇది మా పిన్ని మూటండీ!"

"ఏముంది అందులో?" అడిగింది ఎలుగుబంటి.

"సున్నుండలు!"

"కాయం" అంది మెట్లెక్కుతున్న బుచ్చెమ్మ. "మా అమ్మాయి బాలింత. వాడెవడో నేనెరగను తల్లీ."

బాలింత మందు కొట్టేయబోయాడనేసరికి ఆడవాళ్ళంతా లేచారు. ముళ్ళపంది ముసలమ్మ కాస్త దగ్గరికి జరిగింది, అంతే. పానకాలు కెవ్వుమన్నాడు.

"లెంపలేసుకుంటా, దింపెయ్యండి!"

"దింపుతాం" అంది పులి. "పాలపేటలో. నేనూ అక్కడే దిగుతా. మూట నెత్తినెట్టుకో."

మూట మోసుకుపోదామనుకున్న పానకాలు మోసుకునే పోయాడు, తేలు కుట్టిన దొంగలా నోరెత్తకుండా, బుచ్చెమ్మ కూతురి గుమ్మం దాకా.

నీతి: దారి అడగడానికి సిగ్గుపడని వాళ్ళని దారి తప్పించడం ఎవరి తరమూ కాదు.