ఏనుగుకు దారి ఇవ్వని నత్త

నేనింతవరకూ ఏదీ రాసినదాన్ని కాదు. చదివింది ఐదో తరగతి. పదిమందిలో నోరు విప్పాలంటే సిగ్గు. అందుకే నోటితో చెప్పాల్సింది కాగితం మీద పెడుతున్నా. మీరు మాత్రం ఊఁ కొడుతూ చదవండి. ఊఁ లేకపోతే నాకు కథ ముందుకు సాగదు.

అనగా అనగా ఏరు ఎండిపోయిన ఒక దేశం. దానికి చండవర్మ అని ఒక రాజు. ఎండాకాలం వస్తే ఆ దేశపు ఆడవాళ్లు ఏటి ఇసకలో గుంటలు తవ్వి, అందులో ఊరే నీళ్లు ముంతతో తోడుకునేవాళ్లు. ఆ గుంటలనే చెలమలంటారు. ఇంటికొక చెలమ. తాగడానికి అదే, వండుకోవడానికీ అదే.

రాజుగారి పట్టపుటేనుగు కాలమేఘం రోజూ పొద్దున్నే ఆ చెలమల మీదుగానే షికారు పోయేది. గట్టు మీద దారి లేక కాదు. ఇసకలో నడక మెత్తగా ఉంటుందని. ఏనుగు వస్తుంటే అందరూ లేచి పక్కకు జరిగేవాళ్లు. అది తొక్కుకుంటూ పోయాక, పూడిపోయిన చెలమల్ని మళ్లీ తవ్వుకునేవాళ్లు. ఎవరూ ఒక్క మాట అనేవాళ్లు కాదు.

ఆ ఊళ్లో ఓబులమ్మ అని తుంగచాపలు అల్లుకునే మనిషి ఉండేది. పెద్దవాళ్ల ముందు తల ఎత్తేది కాదు. చాప అల్లేటప్పుడు చుట్టూ చేరే పిల్లలకు మాత్రం కథలు చెప్పేది. ఒకనాడు ఇలా చెప్పింది.

"ఒక నత్త దారిన పోతా ఉంది. ఎదురుగా ఏనుగొచ్చి 'జరుగు' అంది. నత్త కొమ్ములు బయటపెట్టి చూసింది. 'నేను జరిగేసరికి పొద్దుగూకుతుంది. నీకు పెద్ద పెద్ద కాళ్లున్నాయి. నువ్వే జరుగు' అంది."

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఓబులమ్మ చాప చుట్టేసి లోపల పెట్టి, ఆ కథ సంగతే మరిచిపోయింది.

మర్నాడు ఏనుగు వచ్చింది. అందరూ లేచారు. రంగి అనే చిన్నపిల్ల లేవలేదు.

"ఏయ్ పిల్లా, లెయ్! తొక్కిందంటే పచ్చడైపోతావ్!" అని మావటి అరిచాడు.

"నేను జరిగేసరికి పొద్దుగూకుతుంది. దానికి పెద్ద పెద్ద కాళ్లున్నాయి గదా, దాన్నే జరగమను!" అంది రంగి.

మావటికి నవ్వొచ్చింది. ఏనుగును పక్కకు తిప్పాడు.

రెండోనాడు రంగి పక్కన వాళ్ల అవ్వ కూడా కూర్చుంది. "నా మోకాళ్లు చూడు నాయనా, నేను నత్త కంటే నిదానం" అంది. ఏనుగు ఇంకాస్త దూరం జరిగింది.

మూడోనాడు ఊరి ఆడవాళ్లందరూ కూర్చున్నారు. ఆ రోజు అంబారీలో రాజుగారే ఉన్నాడు.

"ఈ పొగరు మీకు ఎవరు నేర్పారు?" అని ఉరిమాడు.

"నత్త!" అంది రంగి.

ఇంకేముంది, ఆ నత్త కథ ఎవరిదో ఆరా తీసి భటులు ఓబులమ్మను పట్టుకొచ్చి ఆ ఇసకలోనే నిలబెట్టారు.

"నత్త మాట్లాడుతుందా?" అన్నాడు రాజు.

"మాట్లాడదు దొరా."

"అయితే నువ్వు చెప్పింది అబద్ధం."

"అబద్ధమే దొరా. చాప అల్లినట్టు నేనే అల్లాను. కానీ మీ ఏనుగు జరిగింది నిజమే గదా."

రాజు ముఖం కందగడ్డలా అయింది. పక్కనే ఉన్న మంత్రి సూక్ష్మబుద్ధి ఆయన చెవి దగ్గరికి వంగాడు. "కథ చెప్పొద్దంటే చాటుగా చెప్పుకుంటారు ప్రభూ. ఊఁ కొట్టొద్దనండి. ఊఁ లేని కథ నోట్లోనే ఎండిపోతుంది."

రాజుకు అది నచ్చింది. "ఎవరు ఊఁ అంటే వాళ్ల చెలమ పూడ్చేయండి! ఏదీ, ఇప్పుడు చెప్పవే నీ కథ."

ఓబులమ్మ "ఒక నత్త..." అని ఆగింది. ఎవరూ ఊఁ అనలేదు. అవ్వ చెయ్యి రంగి నోటిని మూసేసి ఉంది. ఓబులమ్మకు ఇంటికి పారిపోయి చాపల వెనక దాక్కుందామనిపించింది. చివరికి తల ఎత్తి, తన కథకు తనే "ఊఁ" అంది.

భటుడు పార తీసుకుని ఆమె చెలమ పూడ్చేశాడు.

"ఏనుగు ఎదురొచ్చి జరగమంది. నువ్వే జరుగు అంది నత్త" అని మళ్లీ ఆగింది.

అవ్వ రంగి నోటి మీంచి చెయ్యి తీసింది. "ఊఁ" అన్నది మాత్రం రంగి కాదు, అవ్వే. ఆ వెనకే ఒకామె ఊఁ అంది. ఆమె వెనక ఇంకొకామె. చూస్తుండగానే ఏరంతా ఊఁ అంది. భటుడు ఎన్ని చెలమలని పూడుస్తాడు! పార మీద వాలి ఒగరుస్తున్నాడు.

"ఏనుగుకు కోపమొచ్చింది. నత్త నడినెత్తికి సరిగ్గా కాలు ఎత్తింది..." అని ఓబులమ్మ మూడోసారి ఆగింది.

ఈసారి ఆడవాళ్లు కావాలనే నోళ్లు బిగించారు. రాజు అంబారీలోంచి ముందుకు వంగాడు.

"ఊఁ?" అన్నాడు.

రంగి కిసుక్కున నవ్వింది. పార పట్టుకున్న భటుడు అమాయకంగా, "మరి దొరవారి బావి కూడా పూడ్చమంటారా?" అన్నాడు.

రాజు వినిపించుకోలేదు. "ఆ తర్వాత ఏం చేసిందే ఏనుగు?"

"అది నేనెట్లా చెప్పేది దొరా? ఎత్తిన కాలు మీది."

రాజు ఇసకలో కూర్చున్న ఆడవాళ్లను చూశాడు. ఒక్కరూ లేవలేదు. ఎవరి వైపూ చూడకుండా, "గట్టు మీదకు తిప్పు" అని మావటి మీద విసుక్కున్నాడు.

మర్నాడు తెల్లవారగానే ఓబులమ్మ పూడిన చెలమ తవ్వుకుంది. కాలమేఘం గట్టు మీద నడిచిపోతుంటే ముంతతో నీళ్లు తోడుకుంది. చుట్టూ చేరింది పిల్లలే కాదు, పెద్దవాళ్లూ. ఆమె తల దించుకోలేదు. "ఒక గొర్రెపిల్ల ఉండేదంట" అని కొత్త కథ ఎత్తుకుంది. ఏరంతా ఊఁ కొట్టింది.

కథ అబద్ధమే కావచ్చు, అది విని కదలకుండా కూర్చున్నవాళ్ల ధైర్యం మాత్రం అబద్ధం కాదు.