గుడ్లగూబ అడిగి పెట్టించుకున్న కళ్ళు

ఒకప్పుడు గుడ్లగూబకు పిచ్చుక కళ్ళంత కళ్ళే ఉండేవి. పగలు బయటికొస్తే కాకులు తరిమేవి. చీకటి పడితే ఏమీ కనపడేది కాదు. తొర్రలో దాని పిల్లలు రెండూ ఆకలితో నోళ్ళు తెరుచుకుని కూర్చునేవి.

ఏటి ఒడ్డున కుమ్మరి అవ్వ మట్టితో కళ్ళు చేసి పెడుతోందని విని గుడ్లగూబ వెళ్ళింది. అవ్వకు ఒక అలవాటుంది. మూడు మాటలు అడగందే మట్టి ముట్టదు.

"ఏం తింటావు? ఎక్కడ వెతుకుతావు? అక్కడ వెలుగెంత?"

"అవన్నీ నీకెందుకే అవ్వా? అన్నిటికన్నా పెద్దవి పెట్టు," అంది గుడ్లగూబ.

"పెద్ద కళ్ళు చుక్కల వెలుగును కూడా పోగుచేస్తాయి. ఆ కాస్త వెలుగూ లేకపోతే అవీ గుడ్డివే. పైగా నీ ముఖంలో ఇరుక్కుపోతాయి. అటూ ఇటూ కదలవు."

"నీకు చేతకాక చెబుతున్నావు."

అవ్వ అడిగినంత పెద్ద కళ్ళు చేసి పెట్టేసింది.

తర్వాత పచ్చ పింజర పాము పాకుతూ వచ్చింది. "ఎలుకల్ని తింటాను. పొదల్లో వెతుకుతాను. అక్కడ వెలుగన్నదే ఉండదు," అంది బుద్ధిగా.

అవ్వ దాని కంటికీ ముక్కుకీ నడుమ, చెరో పక్కా, వేలితో ఒక గుంట నొక్కింది. "వెచ్చనిది ఎటుందో ఇవి చెబుతాయి. అది ఎలుకో, ఎండకు కాగిన రాయో నువ్వే చూసుకోవాలి."

గుడ్లగూబ పడీపడీ నవ్వింది. "పుచ్చు వంకాయకైనా ఇంతకన్నా మంచి మొహం ఉంటుంది."

ఆ రాత్రి అమావాస్య. పైగా మబ్బు. పెద్ద కళ్ళకు పెద్ద చీకటే కనిపించింది. పొదలో పింజరకు మాత్రం ఎలుక దొరికింది. తొర్రలో పిల్లలు పస్తు పడుకున్నాయి.

మర్నాడు పొద్దు గుంకాక పింజర తొందరపడి వేడి రాయిని కరిచింది.

"ఏం తమ్ముడూ, ఎలుక సరిగా ఉడకలేదా?" అంది గుడ్లగూబ కొమ్మ మీంచి.

"నా కోర సంగతి సరే అక్కా. నీ పిల్లలు తిన్నాయా?"

గుడ్లగూబ దాన్ని ఓరగా చూడబోయింది. కళ్ళు కదల్లేదు. అంతలో వెనక ఆకులు గలగలమన్నాయి. తొర్రలో పిల్లల ఏడుపు సన్నబడుతోంది. మెడ విరిగినా సరేనని తల మొత్తం వెనక్కి తిప్పింది. ఆ రాత్రి మబ్బు లేదు, చుక్కల వెలుగులో చుంచెలుక కనిపించింది. ఒక్క దూకు దూకి పట్టేసింది.

పిల్లలు తిని పడుకున్నాయి. అవ్వ ఏటి ఒడ్డునుంచి అడిగింది. "కళ్ళు మార్చమంటావా?"

"ఎందుకూ? మెడ తిప్పుకోవాలనే ఇవి అడిగాను," అంది గుడ్లగూబ.

అప్పటినుంచే గుడ్లగూబ కళ్ళు తిప్పలేక మెడంతా తిప్పుతుంది. తిప్పి, తప్పు మనదన్నట్టు గుడ్లురిమి చూస్తుంది.