మాంత్రికుడు తొక్కని తివాచీ

"గుల్నారూ!" అని పిలిచాడు రాకుమారుడు చిత్రసేనుడు.

"ఇక్కడున్నాను" అంది ఒక సన్నని గొంతు.

గదిలో మనిషి లేదు. నేల మీద మూడు తివాచీలు పరిచి ఉన్నాయి. నడిమి తివాచీలో, పూలతీగల మధ్య, దారాలతో నేసిన అమ్మాయి బొమ్మ కళ్ళు ఆర్పింది.

అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. గుల్నారు అనే పారసీక రాకుమారిని కాలధూముడనే మాంత్రికుడు తివాచీలో బంధించాడని విని ముగ్గురూ బయల్దేరారు. పెద్దవాళ్ళిద్దరూ మొదటి సముద్రం చూసే వెనక్కి తిరిగారు. చిన్నవాడు చిత్రసేనుడు ఏడు సముద్రాలూ దాటి ఈ కోటకు చేరాడు. పొద్దు గుంకేలోగా మాంత్రికుడు చావకపోతే ఆ పిల్ల ఇక ఎప్పటికీ దారమే.

మాంత్రికుడి ప్రాణం చిలకలోనే ఉంటుందనుకుని రాకుమారుడు గబగబా మూలనున్న పంజరం తెరిచి చిలకను పట్టుకున్నాడు.

"మెడ వదులు నాయనా" అంది చిలక. "వచ్చినవాడల్లా నా మెడే పట్టుకుంటాడు. వాడి ప్రాణం నాలో లేదు. వాళ్ళమ్మ నేసిన తివాచీలో, మొట్టమొదటి వరుస ముడుల్లో ఉంది. అక్కడ కోస్తే వాడు పోతాడు. ఇంకెక్కడ కోసినా గుల్నారు పోగులు పోగులుగా విడిపోతుంది."

రాకుమారుడు వంగి చూశాడు. మొదటిది తబ్రీజు నగరంలో నేసింది, నడుమ నిండు చంద్రుడిలాంటి చక్రం. దాని నిండా మాంత్రికుడి చెప్పుల మరకలు. రెండోది కాషాను నగరపు పట్టు, పూలతోటే పరిచినట్టుంది. దాని మీదా మరకలే. మూడోది గుడారాల వాళ్ళు నేసింది. అంచులు వంకర, మేకపిల్లల బొమ్మలు. మజిలీ మారినచోట కొత్తగా రంగు కలిపారు కాబోలు, సగంలో ఎరుపు మారిపోయింది. దాని మీద ఒక్క మరకా లేదు.

'ఎంత మాంత్రికుడైనా అమ్మ చేతిపనిని తొక్కలేడు' అనుకుని కత్తెర తీశాడు. "గుల్నారూ, రెండు చివరలూ ఒక్కలాగే ఉన్నాయే. నేత మొదలైంది ఎటు?"

"పిల్లిని నిమిరినట్టు నిమరండి రాకుమారా. నూలు నున్నగా ఎటు ఒరిగితే మొదలు అటు."

కిటికీ ఎర్రబడింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. రాకుమారుడు నిమిరాడు, గరగరమంది. చెయ్యి తిప్పి నిమిరాడు, వెన్నలా జారింది. ఆ చివర మొదటి వరుస కరకరా కోసేశాడు.

మెట్ల మీద "అమ్మా" అని ఒక్క మూలుగు. ఆ తర్వాత చప్పుడు లేదు.

చిత్రసేనుడు అక్కడే కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు. ఎదురుగా గుల్నారు నిలబడి ఉంది, జడలో ఇంకా రెండు పట్టుపోగులతో. చిలక కిటికీలో వాలి, మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

వాళ్ళ పెళ్ళికి ఏడు సముద్రాల చేపలూ ఒడ్డుకొచ్చి చూశాయి. వాళ్ళు మనవలనెత్తుకుని, ముదిమి వచ్చేదాకా చల్లగా రాజ్యమేలారు. కానీ ఓడ ఎక్కబోయే ముందు ఒక మాట జరిగింది.

"నేను రాకుమారిని కాను" అంది గుల్నారు తల వంచుకుని. "తివాచీలు బాగుచేసే పిల్లని. వాడి గుట్టు కనిపెట్టానని నన్ను నేసేశాడు. ఆ కబురు మీదాకా వచ్చేసరికి రాకుమారినైపోయాను."

"నిమరమన్నప్పుడే అనుకున్నా" అన్నాడు చిత్రసేనుడు. "నేనూ ఒకటి చెప్పాలి. ఏడు సముద్రాలు దాటింది రాకుమారి కోసమే. కత్తెర పట్టుకున్నాక చెయ్యి వణికింది మాత్రం నీ కోసం."