జావ ధరకు ఆటగాడు

ఒకానొక రాజ్యంలో చెడుగుడు ఆటకు ఉన్నంత మర్యాద మంత్రిమండలికి కూడా ఉండేది కాదు. ఊరూరా ఒక జట్టు, జట్టుకొక బరి, బరికొక గురువు. ఒక జట్టు ఆటగాడు ఇంకో జట్టుకు పోవాలంటే రెండు జట్ల పెద్దలూ కూర్చుని, ఒక ధర మాట్లాడుకుని, తాంబూలాలు పుచ్చుకునేవారు. ఇప్పుడు ఫుట్‌బాల్ క్లబ్బులవాళ్లు ఆటగాళ్లను కోట్లు పోసి కొంటున్నారని పేపర్లో చదివి మనం నోళ్లు తెరుస్తున్నాం గానీ, ఆ బేరాలూ ఆ అలకలూ అప్పుడూ ఉన్నవే.

ఆ రాజ్యాన్ని ఏలే గజకేసరి మహారాజు మనిషి మంచివాడే. కాకపోతే తన నోట వచ్చిన ప్రతి మాటా ధర్మశాస్త్రమేనని ఆయనకు గట్టి నమ్మకం. పొద్దున్నే లేచి "ఎండ బాగుంది" అన్నా సరే, చుట్టూ ఉన్నవాళ్లు "ఆహా" అనాలి. ఒకసారి సేనాపతి పొరపాటున "కాస్త మబ్బుగా ఉంది ప్రభూ" అన్నాడు. పాపం ఆ మనిషి ఏడాది పాటు ఏనుగుల శాలలో లద్దె లెక్కలు చూసుకున్నాడు.

ఇంతటి రాజుకూ ఒక దిగులుండేది. ఏటా వసంతంలో పొరుగున ఉన్న తుంగవరం రాజుగారి జట్టుతో పోటీ. ఏటా మన జట్టుకు ఓటమే. ఓడిన రాజు గెలిచిన రాజుకు అందరి ముందూ తన చేత్తో విసనకర్ర విసరాలని తాతల నాటి ఆచారం. గజకేసరి విసిరి విసిరి భుజం పట్టేసి, ఆ తర్వాత వారం రోజులు వైద్యుడి చేత తైలం రాయించుకునేవాడు. తుంగవరం రాజు మాత్రం కళ్లు మూసుకుని, "ఇంకాస్త ఎడమవైపు" అనేవాడట.

ఈసారి ఆ అవమానం పడనని రాజు ఒట్టు పెట్టుకున్నాడు. పొన్నలంకలో గురవడనే కుర్రవాడున్నాడనీ, వాడు కూతకు వెళ్తే పట్టినవాడు లేడనీ వేగులు చెప్పారు. పొన్నలంక అంటే నది నడుమ ఒక చిన్న లంక. పడవలు నడుపుకునే జనం. అక్కడి బరికి గురువు జోగయ్య. ఏటా వరదొచ్చి బరిని ఊడ్చుకుపోతుంది. ఏటా జోగయ్య పిల్లలను వెంటేసుకుని ఇసుక మోసి మళ్లీ బరి వేస్తాడు. గురవడు అలా ఇసుక మోస్తూ, నీళ్లలో మునిగి తేలుతూ పెరిగినవాడే.

రాజు కబురు పెట్టగానే గురవణ్ణి వెంటబెట్టుకుని జోగయ్య కొలువుకు వచ్చాడు. ధర సంగతి మెల్లగా కదిపాడు. రాజుకు కోపం వచ్చింది.

"ధరా? వాడి బలం దేవుడిచ్చింది. వాడి ఊపిరి తల్లి ఇచ్చింది. నడుమ నువ్వేమిచ్చావు?"

జోగయ్య బరిలో అరిచే మనిషే గానీ కొలువులో మాట్లాడడం ఎరగడు. చివరికి, "రోజూ ఆటయ్యాక ముంతెడు జావ పోసేవోణ్ణి మారాజా" అన్నాడు.

రాజు మొహం విప్పారింది. లెక్క దొరికిపోయింది. ఆటగాడికి ఏ జట్టు ఎంత తిండి పెట్టిందో అంతే వాడి ధర అనీ, ఆ ధర ఇచ్చి అడిగితే జట్టు పెద్ద కాదనరాదనీ అప్పటికప్పుడు తీర్పు చెప్పాడు. కోశాధికారి జావకు సరిపడా చోళ్లు, అంటే రాగులు, కొలిపించి రెండు బస్తాలు జోగయ్య ముందు పడేయించాడు.

జోగయ్య ఆ బస్తాల వంక చూడలేదు. ఇలా ఆటగాళ్లను రాజుగారు ఊరికే తీసుకుపోతారని తెలిస్తే లంకలో తల్లులు పిల్లలను ఇక బరికి పంపరనీ, చేపలు పట్టుకోమంటారనీ, తన బరి పాడుపడిపోతుందనీ చెప్పబోయాడు. రాజు అప్పటికే పక్కవాళ్ల "ఆహా"లు వినే పనిలో ఉన్నాడు.

ఆ కొలువులో కొమ్మన అనే విదూషకుడున్నాడు. పొట్ట ముందు, మనిషి వెనక నడిచేవాడు. రాజుగారి బంతిలో మూడోసారి వడ్డన అడిగే ధైర్యం అతనొక్కడికే ఉండేది. జోగయ్య మొహం చూశాక కొమ్మనకు ఈ తీర్పు మింగుడుపడలేదు. కానీ ఇది తప్పు ప్రభూ అంటే ఏమవుతుందో సేనాపతిని చూసి నేర్చుకున్నాడు కదా. అందుకని అందరికంటే గట్టిగా "ఆహా" అన్నాడు.

"ప్రభూ, ఇంత గొప్ప ధర్మం ఒక్క పొన్నలంకతో ఆగిపోవడం అన్యాయం. ఎవరు అడిగినా, ఏ జట్టును అడిగినా ఇదే ధర అని దండోరా వేయించండి. సరిహద్దులో మరీ గట్టిగా వేయించండి. తుంగవరం రాజు కూడా విని నేర్చుకోవాలి."

తుంగవరం రాజుకు తాను పాఠం చెప్పడమన్న ఊహకే గజకేసరి పొంగిపోయాడు. సాయంత్రానికల్లా డప్పులు బయలుదేరాయి.

కొమ్మన కోట గుమ్మం దగ్గర జోగయ్యను పట్టుకున్నాడు. "పెద్దాయనా, ఆ బస్తాలు విప్పకు. నాలుగు రోజులు మా ఇంట్లో ఉండు. మా ఇంట్లో తిండికి లోటు లేదని నన్ను చూస్తే తెలియడం లేదూ?" అని వెంటబెట్టుకుపోయాడు.

ఇక కోటలో గురవడి మర్యాదలు చూడాలి. సన్నబియ్యం అన్నం, ముద్దపప్పు, గిన్నెడు నెయ్యి, ఊరగాయ. రాజే దగ్గర కూర్చుని కొసరి వడ్డించేవాడు. రోజూ బరి దగ్గరికి వెళ్లి గురవడి ఆట చూసి, రాత్రి భోజనాల దగ్గర రాణిగారికి ఆడి చూపించేవాడు. రాణిగారు కూడా "ఆహా" అనేవారు. పాపం, ఆవిడకు మాత్రం ఏం దారి ఉంది?

పోటీకి రెండు రోజుల ముందు నిండు కొలువులోకి తుంగవరం నుంచి రేచన అనే రాయబారి వచ్చాడు. నవ్వు మొహం, నెమ్మదైన మాట. వెనక ఒక సేవకుడు. వాడి నెత్తిమీద ఒక బియ్యం మూట, చేతుల్లో ఒక నేతి గిన్నె, ఒక ఊరగాయ జాడీ. వాటిని తెచ్చి సింహాసనం ముందు వరసగా పెట్టించి, రేచన నమస్కారం చేశాడు.

"మా ప్రభువు సరిహద్దులో దండోరా విన్నారు. తమ ధర్మబుద్ధికి చేతులెత్తి మొక్కారు. గురవడు తమ ఇంట ఈ నాలుగు రోజులూ తిన్నదంతా వంటవాళ్లను కనుక్కుని, కొలిచి తెచ్చాం. నెయ్యి కాస్త ఎక్కువే పోశాం. ఆటగాణ్ణి మాతో పంపించండి."

రాజుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ల ముందు విసనకర్ర కదిలి ఉంటుంది.

"ఈ మూటకా? ఈ పచ్చడి జాడీకా నా గురవడు? వాడు కూత పెడితే వినేవాళ్లకు ఊపిరాడదు గానీ వాడి కూత తెగదు. ఎదుటివాడి కళ్లు చూసి కాళ్లు ఎటు కదులుతాయో చెప్పేస్తాడు. నలుగురు మీద పడి పట్టినా చేపలా జారి, కాలి బొటనవేలితో గీత అందుకుంటాడు. అలాంటివాణ్ణి తయారుచెయ్యడానికి ఎన్నేళ్లు పడుతుందో, ఎంత ఓపిక కావాలో మీ రాజుకు తెలుసా?"

కొమ్మన చేతులు కట్టుకుని, "నాకూ తెలియదు ప్రభూ. ఎన్నేళ్లు పడుతుందంటారు?" అని అడిగాడు.

"నన్నడుగుతావేమయ్యా? వాణ్ణి తయారుచేసినవాణ్ణి అడుగు" అన్నాడు రాజు.

అని ఆగిపోయాడు.

కొమ్మన తీరిగ్గా నడుచుకుంటూ వెళ్లి, తాను ముందే స్తంభం చాటున కూర్చోబెట్టిన జోగయ్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. కట్టు విప్పని చోళ్ల బస్తాలు రెండూ తెప్పించి, తుంగవరం మూట పక్కనే పెట్టించాడు. కాసేపు అటూ ఇటూ చూశాడు.

"రెండింట్లో తుంగవరంవారిదే మెరుగు ప్రభూ. వాళ్లు నెయ్యి పోశారు."

రాజుకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వచ్చింది. సిగ్గే ముందు వచ్చింది. అది ఆయన గొప్పతనం అనే నేనంటాను. తన మాట తప్పు అని నలుగురిలో తెలిశాక సిగ్గుపడగలిగిన రాజులు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే. ఆయన గొంతు తగ్గించి, గురవణ్ణి తయారుచెయ్యడానికి ఎంతకాలం పట్టిందని జోగయ్యను అడిగాడు.

"ఈడికి పాలపళ్లు ఊడేటప్పుడు వచ్చాడు మారాజా. ఊపిరి నిలబట్టడం రాదు. రోజూ నీట్లో ముంచి, అడుగునున్న ఇసక గుప్పెట్లో తెమ్మనేవోణ్ణి. ఈడు పైకి తేలిందాకా నా గుండె కొట్టుకునేది కాదు. దానికి ధర నాకు తెల్దు. ఈడు ఒక్కడే గాదు, ఈడి ఎనకాల ఇరవైమంది పిల్లోళ్లున్నారు. బరి ఉంటే ఆళ్లూ ఆడతారు. లేపోతే లేదు."

జోగయ్య ధర చెప్పలేదు గానీ రాజుకు చెల్లించవలసింది ఏమిటో తెలిసిపోయింది. గురవణ్ణి పిలిపించి ఎక్కడ ఆడాలని ఉందో చెప్పమన్నాడు. అంతవరకూ ఆ మాట వాణ్ణి ఎవరూ అడగలేదు. గురవడు తల గోక్కుని, కోటలో ఆడాలనే ఉందనీ, ఇక్కడ నెయ్యి చాలా బాగుందనీ అన్నాడు.

"కానీ లంకలో పిల్లోళ్లు బరి మానేస్తే నాకిక్కడ ముద్ద దిగదు మారాజా."

రాజు అక్కడికక్కడే పాత తీర్పు రద్దు చేశాడు. ఇకమీదట ఆటగాణ్ణి తయారుచేసినవాడూ, అడిగేవాడూ ఎదురెదురుగా కూర్చుని ధర మాట్లాడుకోవాలి. ఆటగాడి ఇష్టం ముందు అడగాలి. పొన్నలంక బరి చుట్టూ వరద తోసుకుపోకుండా రాతిగోడ కట్టించాలి. గురవడు కోట జట్టులో ఆడినంతకాలం ఆ పిల్లలకు రోజూ ఒక పూట భోజనం కోట కొట్టు నుంచి వెళ్లాలి. వానాకాలం ఆట లేనప్పుడు గురవడు లంకకు వెళ్లి పిల్లలకు నేర్పాలి. జోగయ్య పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు.

రేచన గొంతు సవరించుకుని, తాము వచ్చేసరికి పాత ధర్మమే అమల్లో ఉంది కదా అన్నాడు. దానికీ కొమ్మన దగ్గర జవాబుంది.

"నిజమే. కానీ జోగయ్య బస్తా విప్పలేదు. ధర పుచ్చుకోనివాడు అమ్మినట్టు కాదు. తమరు మూట దించినప్పుడు గురవడు ఇంకా లంక మనిషే. తమరు వేరే వాళ్ల గుమ్మం తట్టారు. ఇప్పుడు లంకకు వెళ్తే అక్కడ కొత్త ధర్మం."

రేచన నవ్వేశాడు. మూట మళ్లీ ఎత్తించుకున్నాడు గానీ, దారిలో ఒలికిపోతుందని ఊరగాయ జాడీ మాత్రం అక్కడే వదిలేశాడు.

పోటీ రోజున పొన్నలంక పిల్లలంతా పడవలెక్కి వచ్చి బరి చుట్టూ కూర్చున్నారు. గురవడు ఆఖరి కూతలో ముగ్గురిని తాకి, నాలుగోవాడు మీద పడ్డా పాకుతూ వచ్చి బొటనవేలితో గీత అందుకున్నాడు. ఎన్నో ఏళ్లకు మొదటిసారి తుంగవరం రాజు విసనకర్ర పట్టాడు. గజకేసరి హాయిగా కళ్లు మూసుకుని, "ఇంకాస్త ఎడమవైపు" అన్నాడు.

తుంగవరం రాజు విసురుతూనే, "ఆటగాణ్ణి ఎలాగూ ఇవ్వరు. ఆ కొమ్మననైనా మాకివ్వండి. ధర ఎంతైనా సరే" అన్నాడు.

గజకేసరికి కొమ్మనను ఏడిపించాలనిపించింది. "ఏమోయ్, మన పాత ధర్మం లెక్కన నీ ధర ఎంతవుతుంది?"

కొమ్మన పొట్ట ఒకసారి నిమురుకున్నాడు.

"నా మీసాలు మొలవకముందు నుంచీ తమ బంతిలో తింటున్నాను ప్రభూ. ఆ లెక్కన వారు తుంగవరం మొత్తం అమ్ముకున్నా నా పప్పు ఖర్చుకే సరిపోదు. నెయ్యి సంగతి వేరే మాట్లాడుకోవాలి."

గజకేసరి కిరీటం జారేలా నవ్వాడు. తుంగవరం రాజు విసనకర్ర పక్కన పెట్టి మరీ నవ్వాడు. నవ్వు ఆగాక గజకేసరి తన చేతి కంకణం తీసి కొమ్మనకు తొడిగి, ఆ ఊరగాయ జాడీ కూడా అతనికే ఇప్పించాడు.

ఆ పూట బంతిలో కొమ్మన జాడీ ముందు పెట్టుకుని నాలుగోసారి అన్నం అడిగాడు. వడ్డించేవాడు తెల్లబోయి చూస్తే, "వెయ్యి నాయనా, తుంగవరంవారు మళ్లీ అడక్కుండా ధర ఇంకాస్త పెంచుకుంటున్నాను" అన్నాడట.